బుధవారం కొండ

మంగళవారం రాత్రి భోజనాలయ్యాక మా వరండాలో సైకిల్‌ని తలకిందులుగా నిలబెడతాను. పాత బనీను గుడ్డతో చైన్ తుడిచి, లింకుకో చుక్క చొప్పున నూనె వేస్తాను. ముందు చక్రాన్ని విసురుగా తిప్పి, అది ఆగేదాకా చెవి దగ్గర పెట్టుకుని వింటాను. బ్రేకు ప్యాడ్ ఎక్కడ రాసుకుంటున్నా సన్నగా ఈల వేస్తుంది. ఆ తర్వాత గాలి. రోడ్డు మీద గట్టిగా ఉండాల్సిన టైరు కొండ మీద మెత్తబడాలి. నా బరువుకి, రెండుంపావు అంగుళాల ట్యూబ్‌లెస్ టైరుకి, ముందు 24, వెనక 27 పీఎస్‌ఐ. ఇంకో నాలుగైదు ఎక్కువైతే టైరు రాయిని పట్టుకోవడం మానేసి దాని మీద నుంచి ఎగురుతుంది. బాగా తగ్గితే రాయి నేరుగా రిమ్ముకి తగులుతుంది. పంపు మీద ముల్లు చూస్తాను గానీ, ఆఖరి మాట నా బొటనవేలిదే.

ఆరేళ్లుగా విశాఖలో మేం ఎనిమిది మందిమి బుధవారాలు కొండెక్కుతున్నాం. ఆనందపురం దాటి సొంట్యాం వైపు మళ్లితే తూర్పు కనుమల చిట్టచివరి కొండలు అటొకటి ఇటొకటి కనిపిస్తాయి. కింద సరుగుడు, తాటిచెట్లు, కాస్త పైకి జీడితోటలు, ఆపైన తుప్పలు, బండలు. వాటి మధ్యగా గొడ్లు తొక్కీ తొక్కీ ఏర్పడ్డ బాటలు. ఆ బాటల్నే మేం ట్రైల్స్ అంటాం.

ఆదివారం వెళ్లొచ్చు కదా అంటారు ఇంట్లోవాళ్లూ, ఆఫీసులోవాళ్లూ. ఆదివారాలూ వెళతాం. అప్పుడు పొద్దంతా మనదే, దారి తప్పినా మధ్యాహ్నం భోజనానికి ఎలాగో ఇల్లు చేరతాం. బుధవారానికి ఆ వెసులుబాటు లేదు. తెల్లవారిన దగ్గర్నుంచి ఆఫీసులో వేలిముద్ర వేసేదాకా ఉన్న ఆ కాస్త వ్యవధిలో కొండెక్కి, దిగి, స్నానం చేసి, పనిలో కూర్చోవాలి. అందుకే బుధవారం రైడ్‌లో తొక్కడం సగం, లెక్క సగం. ఆ లెక్క వేసే పని మొదటి నుంచీ నాదే. తొక్కడమంటే ఎంత ఇష్టమో నాకు ఈ లెక్కన్నా అంత ఇష్టం.

లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. మా గుంపులో ఒక టీచర్ గారున్నారు. తొమ్మిదింటికి ఆవిడ బడిలో ఉండాలి, అంటే ఎనిమిదికల్లా మధురవాడలో ఇంటికి చేరాలి. కొండ అడుగు నుంచి ఇంటికి ముప్పావు గంట. పైనుంచి దిగడానికి పాతిక నిమిషాలు. ఎవరికో ఒకరికి పంచరైతే పదిహేను. ఇవన్నీ తీసేస్తే ఆరూ ముప్పై అయిదు. ఆ నిమిషానికి ఎక్కడున్నా సరే సైకిళ్లు తిప్పేయాలి. శిఖరం ఎదురుగా రెండు వందల మీటర్లలో కనబడుతున్నా తిప్పేయాలి. అందరికంటే ముందు ఎవరు ఇల్లు చేరాలో వాళ్ల గడియారాన్నే అందరం కట్టుకోవాలని మా ఒప్పందం. మొదట్లో ఇది కొందరికి నచ్చలేదు. ‘ఆవిడ తిరిగి వెళ్లిపోతారు, మనం పైకి వెళదాం మాష్టారూ’ అన్నాడు మా ఇంజనీరింగ్ కుర్రాడు. ఒక మనిషిని ఒంటరిగా కొండ దింపి మిగతావాళ్లం పైకి పోయేటట్టయితే గుంపుగా బయల్దేరడం దేనికి?

ఇక ముందు వైపు లెక్క వెలుగుది. విశాఖలో జూన్ నెల సూర్యోదయం 5.20 ప్రాంతంలో. అంతకు ఇరవై నిమిషాల ముందే బాట కనిపిస్తుంది కాబట్టి ఐదింటికి కొండ అడుగున ఉంటే గంటన్నర చేతికొస్తుంది. హైదరాబాదు మిత్రులకంటే మాకు ఇరవై నిమిషాలు లాభం, పొద్దు ముందు మా సముద్రం మీదే కదా పొడిచేది! వాళ్లకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వికారాబాద్ అనంతగిరి కొండలు ఊరికి 80 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి, పనిరోజున అయ్యే పని కాదు. కొండ ఇంటికి ఇంత దగ్గరగా ఉండటం విశాఖ వాళ్ల అదృష్టం. జనవరిలో మాత్రం సూర్యోదయమే 6.30. అప్పుడు ఎంత లాగినా పాతిక నిమిషాలు మిగలవు. అందుకని సంక్రాంతికి ముందూ వెనకా కలిపి నెలన్నర పాటు బుధవారం కొండ బంద్. ఊళ్ల మధ్య మట్టిరోడ్ల మీద తిరిగొస్తాం.

‘లైట్లున్నాయిగా’ అంటారు కుర్రాళ్లు. ఉన్నాయి. హైవే దాటడానికి అవి తప్పనిసరి. ఆనందపురం, పెందుర్తి, అనకాపల్లి మీదుగా వేసిన ఆరు వరుసల రోడ్డు మీద తెల్లవారుజామున లారీలు ఎంత వేగంతో వస్తాయో చూసినవాళ్లకు తెలుసు. నన్నడిగితే మొత్తం ప్రయాణంలో ప్రమాదకరమైన చోటు కొండ కాదు, ఆ రోడ్డే. కానీ కొండ మీదికి మాత్రం చీకట్లో చక్రం ఎక్కనివ్వను. ఆ వేళకి అడవిపందులు తోటల్లోంచి తిరిగి వెళుతుంటాయి. పగటి ఎండకి కాగిన బాట మీద పాములు వెచ్చదనానికి పడుకుంటాయి. వాటి పొద్దు ముగిశాకే మా పొద్దు.

నేల సంగతికి వస్తాను, ఎందుకంటే ప్లానంతా దాని చేతిలోనే ఉంది. మా కొండల రాయిని ఖోండలైట్ అంటారు. ఈ కనుమల్లో బతికే ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. చేత్తో పట్టుకుని చూస్తే దానిలో గార్నెట్ గింజలు దానిమ్మ రంగులో కనిపిస్తాయి. ఎండకీ వానకీ అది పొడిపొడిగా రాలి ఎర్రమట్టి అవుతుంది. ఏప్రిల్‌లో ఆ గట్టినేల మీద రాతిపలుకులు ఆవాలు చల్లినట్టుంటాయి. మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టినవాళ్లు నేల మీదే. అదే మట్టి ఆగస్టులో జిగురు. టైరుకీ ఫోర్కుకీ మధ్య గారెల పిండిలా పట్టేసి చక్రం తిరగడమే మానేస్తుంది. మన చక్రం ఆగిపోవడం చిన్న సంగతి. తడి బాట మీద ఎనిమిది సైకిళ్లు వెళితే ఎనిమిది గాళ్లు పడతాయి. తర్వాతి వాన నీరు ఆ గాళ్ల వెంటే పరుగెత్తి వాటిని కాలువలు చేస్తుంది. అందుకని కొండ అడుగున నేను మొదట చేసే పని, పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కడం. వేళ్లు తెరిస్తే అది రాలిపోవాలి. ముద్దగా నిలిచిందా, ఎంత దూరం నుంచి వచ్చినా ఆ రోజుకి వెనక్కే.

ఇవన్నీ నేను నేర్చుకున్నవి. ఒకటి మాత్రం ఒక పెద్దాయన నేర్పారు.

రెండేళ్ల కిందట, కార్తీకంలో. బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి కొత్తగా మాతో చేరారు. సైకిల్ తొక్కడం తెలుసు గానీ కొండ తెలియదు. పెద్ద పుట్ట దగ్గర బాట మూడుగా చీలుతుంది. ముందున్నవాళ్లు ఎడమకి వెళ్లిపోయారు. నేను నడుమ ఉన్నాను, వెనక ఎవరో ఒకరు ఉంటారులే అనుకున్నాను. పైన జీడిచెట్టు కింద ఆగి లెక్కపెడితే ఏడుగురం. ఫోన్ కలవదు. కేకలేశాం. కొండ మన కేకనే తిప్పి మనకిస్తుంది తప్ప బదులివ్వదు. రెండు బాటలూ వెతికాం. ఆ నలభై నిమిషాలు నా కడుపులో ఏం జరిగిందో రాయలేను. ఆయనకి ఇద్దరు చిన్నపిల్లలని మాటల్లో ఆ పొద్దున్నే చెప్పారు.

చివరికి కింద తోటలోంచి ఆయనే వచ్చారు. మోచెయ్యి చీరుకుపోయి, చొక్కా అంతా ఎర్రమట్టి. ఆయన సైకిల్‌ని ఓ పశువుల కాపరి తాత తోసుకొస్తున్నాడు. భుజాన తువ్వాలు, చేతిలో కర్ర, వెనకాల పది పన్నెండు ఆవులు. తాత సైకిల్ నా చేతికిచ్చి, కోపం లేకుండానే అన్నాడు: ‘మనిషిని ఇడిసేసి ఎల్లిపోతారేటి బాబూ? గొడ్లనే మేం మలుపు మలుపుకీ లెక్కెట్టుకుంటాం.’

నాకు మాట రాలేదు. ఆ రోజు టీచర్ గారు బడికి ఆలస్యంగా వెళ్లారు. బ్యాంకు ఆయన మోచేతికి నాలుగు కుట్లు పడ్డాయి. ఆయన ఇప్పటికీ మాతో వస్తున్నారు, అది ఆయన మంచితనం. ఆ తర్వాతి బుధవారం నుంచి బాట చీలిన ప్రతిచోటా ముందున్న మనిషి ఆగిపోతాడు. వెనకాలవాళ్లకి దారి చూపించి, ఆఖరి మనిషి వచ్చాకే కదులుతాడు. తర్వాతి చీలిక దగ్గర వంతు ఇంకొకరిది. ఆఖరి మనిషిని నేను. నా వెనక ఎవరూ ఉండకూడదు. వెనక ఉండి చూస్తే గుంపు వేరేలా కనిపిస్తుంది. ఎవరు గేరు మార్చడానికి తడబడుతున్నారో, ఎవరి భుజాలు వంగిపోతున్నాయో, ఎవరు నీళ్లు తాగడం మరిచిపోయారో అన్నీ తెలుస్తాయి. అంతకుముందు నాలుగేళ్లలో ఇవేవీ నా కంట పడలేదు.

ఆ తాత ఇప్పుడు మాకు బాగా పరిచయం. ఆవులు ఎదురైతే దిగి, బాట పక్కన కింది వైపు నిలబడమని ఆయనే చెప్పాడు. పైన నిలబడితే అవి బెదిరి లోయ వైపు జరుగుతాయట. జీడిగింజలు ఏరే రోజుల్లో, మార్చి నుంచి మే దాకా, తోటల గుండా పోయే బాట మేం వదిలేస్తాం. రాలిన పండు మీద చక్రం ఎక్కితే అది ఒకరి కూలి మీద ఎక్కినట్టే. ఆరు గంటలకి ఒక పాలాయన ఎదురొస్తాడు. గేర్లు లేని బరువు సైకిల్, రెండు వైపులా క్యాన్లు. ఆ ఎగుడుకి మేం మొదటి గేరులో ఆపసోపాలు పడుతుంటే ఆయన ఆ బరువుతోనే దిగి వస్తాడు. దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి దారివ్వాలన్నది ఈ ఆటలో ప్రపంచమంతా పాటించే మర్యాద. మేం ఎక్కుతున్నా సరే ఆయనకి దారిస్తాం.

ఆయన్ని చూసినప్పుడల్లా నాకు కాలిఫోర్నియా గుర్తొస్తుంది. అక్కడి మెరిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు అలాంటి పాత బరువు సైకిళ్లనే కొండపైకి చేర్చి, మట్టిరోడ్డు మీద కిందికి వదిలేవారు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు కాగిపోయి, హబ్బులో గ్రీజంతా పొగై పోయేది. ఇంటికెళ్లి మళ్లీ గ్రీజు నింపుకోవాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి ‘రీప్యాక్’ అన్న పేరొచ్చింది. అక్కడ మొదటి పందెం 1976 అక్టోబరు 21న జరిగింది. క్యాలెండర్ తీసి చూశాను, అది గురువారం. అక్కడ పుట్టిన ఆట ఇరవై ఏళ్లకి, 1996 అట్లాంటాలో, ఒలింపిక్స్‌కి చేరింది. పనిరోజున కొండెక్కినవాళ్లం మేం మొదటివాళ్లం కాదని తెలిసి నాకు చాలా సంతోషమేసింది.

సంచిలో ఏముండాలో పెద్దగా చెప్పను. ఒక ట్యూబు, చైన్ లింకు, మల్టీటూల్, డిరైలర్ హ్యాంగర్ ఒకటి అదనంగా. చోడి అంబలి పల్చగా, ఉప్పు వేసి, ఒక సీసా. విశాఖ ఉక్కపోతలో వట్టి నీళ్లు చాలవు. అన్నిటికంటే చిన్నదీ అన్నిటికంటే విలువైనదీ ఒక ఇత్తడి బిళ్ల. మా సైకిళ్లకి సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టా వాల్వు ఉంటుంది, ఊళ్లో పంచర్ల షాపు గొట్టం దానికి పట్టదు. ఈ బిళ్ల బిగిస్తే పడుతుంది. పది గ్రాములు కూడా ఉండదు. తుమ్మముల్లు దిగి, చేతిపంపు కూడా మొరాయించిన రోజున దాని పుణ్యమాని ఇల్లు చేరాం.

కంబాలకొండకి ఎందుకు వెళ్లరు, ఊళ్లోనే ఉంది కదా అని చాలామంది అడుగుతారు. ఒకప్పుడు విజయనగరం మహారాజుల ఏలుబడిలో ఉన్న ఆ అడవి 1970లో అటవీశాఖ చేతికి వచ్చింది. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, చిరుతలు తిరిగే చోటు. అక్కడ వేళలూ అనుమతులూ అటవీశాఖవి, వాటిని దాటుకుని కంచె కింద నుంచి దూరడం నా దృష్టిలో దొంగతనమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక ఆ కొండల్ని చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు. రాత్రికి రాత్రి పచ్చదనం పోయి, అగ్గి పెట్టినట్టు గోధుమరంగులో మిగిలాయి. అక్కడ మళ్లీ లేచిన ప్రతి మొక్కకీ మన చక్రాల నుంచి దూరంగా ఉండే హక్కుంది.

ఇది రాస్తున్నది మంగళవారం సాయంత్రం. ఆషాఢ పౌర్ణమి వెళ్లి వారమైంది. సింహాచలం గిరి ప్రదక్షిణకి లక్షల మంది 32 కిలోమీటర్లు నడిచే ఆ రెండు రోజులూ హనుమంతవాక, ముడసర్లోవ రోడ్లన్నీ భక్తులవే కాబట్టి పోయినవారం రైడ్ మానేశాం. అందుకే ఈసారి అందరికీ ఆత్రం ఎక్కువ. కుర్రాడు మధ్యాహ్నం నుంచి మూడుసార్లు మెసేజ్ పెట్టాడు. ఇక్కడ మధురవాడలో ఆకాశం నిర్మలంగా ఉంది. అయినా కొండ కింద టీకొట్టు అమ్మకి ఫోన్ చేశాను. ‘మూడు గంటల కాడ్నించి ఒకటే వాన బాబూ. ఇప్పుడే నిలిసింది. మా వాకిట్లో మన్ను చెప్పుని వదలట్లేదు’ అంది.

గ్రూపులో ఇలా రాశాను: ‘రేపు కొండ లేదు. భీమిలి రోడ్డు. ఐదుంపావుకి కొమ్మాది జంక్షన్. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగుదాం, సైకిళ్లు మాత్రం రోడ్డు మీదే. టైర్లలో గాలి పెంచుకోండి. టీచర్ గారూ, ఏడున్నరకల్లా ఇంట్లో ఉంటారు.’

సైకిల్ వరండాలో తలకిందులుగానే ఉంది. పంపు తీశాను.