పర్ణశాల మృగం, మిరుగు వాన

భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డునున్న పర్ణశాలకు వచ్చే యాత్రికులు మారీచుడు దాల్చిన రూపాన్ని మాయలేడి అని చెప్పుకుంటారు గాని, వాల్మీకి రామాయణంలో అది మృగమే. ఆనాటికి సంస్కృతంలో ఆ మాట ముఖ్యంగా లేడికి పేరుగా స్థిరపడింది. అంతకు ముందరి వైదిక భాషలో మృగమంటే అడవిలో తిరిగే ఏ జంతువైనా కావచ్చు, అందుకే ఋగ్వేదంలో ఏనుగు చేయి గల మృగంగా కనిపిస్తుంది. విశాలమైన అర్థం ఇలా ఒక్క జాతికి కుదించుకుపోవడాన్ని భాషాశాస్త్రజ్ఞులు అర్థసంకోచం అంటారు. ఇంగ్లీషు ‘డీర్’కూ ఇదే జరిగింది: పాత ఇంగ్లీషులో అది జంతువులన్నిటికీ చెల్లిన మాట, దాని తోబుట్టువులైన జర్మన్ ‘టీర్’, స్వీడిష్ ‘యూర్’ నేటికీ ఆ అర్థాన్నే నిలుపుకున్నాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మాటలు ఒకే దారి పట్టడానికి, ఎక్కువగా వేటాడిన జంతువే అడవి జంతువుల ఉమ్మడి పేరును సొంతం చేసుకోవడం కారణమై ఉండాలి.

తెలుగులో మృగం ఆ దారి పట్టలేదు. లేడి, జింక, ఇర్రి, దుప్పి, కణుజు అని విడివిడిగా పిలిచే సొంత పేర్లుండగా ఆ అవసరమూ రాలేదు. బదులుగా అది పులికీ ఎలుగుకూ చెల్లే, క్రూరజంతువు అనే అర్థం గల మాటై, చివరకు దయలేని మనిషిని తిట్టే మాటగా దిగజారింది. దీనిని అర్థాపకర్ష అంటారు. పులికి మనిషి క్రూరత్వాన్ని అంటగట్టడం అన్యాయమే. లేడి అనే అర్థం మృగశిర, అంటే లేడి తల, అనే నక్షత్రం పేరులో మిగిలింది. ఆ నక్షత్రం పేరిట వచ్చే కార్తెను మిరుగు అనే తెలంగాణ రైతు నోట లేడీ లేదు, క్రూరజంతువూ లేదు, తొలకరీ విత్తనాలూ ఆనాటి చేపల కూరే ఉన్నాయి.

కుక్క కథ మరోలా నడిచింది. జర్మన్‌లో ‘హుండ్’ అంటే ఏ కుక్కయినా సరే, ఇంగ్లీషులో ‘హౌండ్’ వేటకుక్కకే పరిమితమై, మిగిలిన చోటంతా ‘డాగ్’ ఆక్రమించింది. తమిళంలో నాయ్‌గా, గోండీలో నయ్‌గా బతికున్న పాత ద్రావిడ మాట స్థానంలో తెలుగువారు కుక్క అంటున్నారు. బరో, ఎమెనో 1961లో వెలువరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఇటువంటి పోలికలకు ఆధారం. గోండీకి అతి దగ్గరైన కోయ భాషకు, అందులోనూ నది ఒడ్డున ఉండే గొమ్ము కోయల పలుకుబడికి, స్టీఫెన్ టైలర్ 1969లో వ్యాకరణం అచ్చువేశారు. ఆ కోయల గూడేల్లోని పెద్దలు ప్రతి జంతువును ఏమని పిలుస్తారో, ఆ పేరును ఇంకా దేనికి వాడతారో విని, పక్క ఊళ్ల తెలుగు పేర్లతో కలిపి రాసిపెట్టడం తెలుగు నిఘంటుకారులు వెంటనే చేపట్టవలసిన పని.