‘అ ఆ’ నవల ఉందా?

కిందటి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తున్న ఒక కాలేజీ అమ్మాయి, అమ్ముతున్న పెద్దాయనను “అంకుల్, ‘అ ఆ’ సినిమా నవల ఉందా?” అని అడిగింది. ఆయన తడుముకోలేదు. గుట్ట అడుగు నుంచి ‘మీనా’ లాగి చేతిలో పెట్టాడు. “ఒక్క భాగమే ఉందమ్మా, రెండోది వచ్చే వారం చూద్దాం” అన్నాడు. అట్ట ఊడిపోతే దారంతో కుట్టుకున్న పుస్తకం అది. లోపలి పేజీలో ఎప్పుడో మూతపడిన అద్దె పుస్తకాల షాపు ముద్ర, దాని కింద వరసగా తేదీలు, రకరకాల చేతిరాతలు. పక్కనే నిలబడి వింటున్న ఈ కాలమిస్టుకు ముందు కష్టమనిపించింది, దాన్ని రాసిన యద్దనపూడి సులోచనారాణి పేరు ఆ పిల్ల నోట రాలేదని. ఆ వెంటనే సంతోషమూ వేసింది. సినిమా చూసిన మనిషి పుస్తకం వెతుక్కుంటూ ఎండన పడి వచ్చిందంటే చిన్న విషయం కాదు.

కథ ఎవరిదో వాళ్ల పేరు తెరమీద పడి తీరాలన్నది ఈ పేజీ పాత పంతం. అలవాటుగా చదివేవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. ‘మీనా’ను 1973లో విజయనిర్మల అదే పేరుతో సినిమా తీశారు, కృష్ణ కథానాయకుడు. 2016లో త్రివిక్రమ్ ‘అ ఆ’ విడుదలైనప్పుడు నవల చదివినవాళ్లు ఇట్టే పోల్చుకున్నారు. డబ్బున్న తల్లి అదుపులో పెరిగిన కూతురు, పల్లెలో బంధువుల ఇల్లు, అక్కడ బావ. తెరమీద రచయిత్రి పేరు లేదేమని చర్చ లేచింది. ఆ తర్వాత దర్శకుడు ఆ నవలకు తాను రుణపడ్డట్టు బహిరంగంగానే చెప్పారు. 2018లో యద్దనపూడి కన్నుమూసేనాటికి ఆ సంగతి తేటపడిపోయింది, మంచిదే. పేరు రాసినవారి గౌరవం కోసమే కాదు, చూసినవారు పుస్తకం దాకా దారి తప్పకుండా వెళ్లడానికి కూడా.

పేరు సంగతి అలా ఉంచితే, నవలాభిమానులకు ఇంకో పెద్ద ఫిర్యాదు ఉంది. “నవలను పాడుచేశారు.” ఈ మాట వినని ఇల్లు తెలుగునాట ఉండదు. సీరియల్ వారం వారం వచ్చిన రోజుల్లో పేజీలు చింపి, వరసగా పేర్చి, బైండు చేయించుకుని దాచుకున్న తరానికి అది మరీ ఎక్కువ. యద్దనపూడి ‘సెక్రటరీ’ చదివిన ఒక్కొక్కరి మనసులో ఒక్కో రాజశేఖరం ఉన్నాడు. 1976లో తెరమీదికి వచ్చింది మాత్రం ఒక్క రాజశేఖరమే, అక్కినేని. మిగతావాళ్లంతా ఆ పూట హాల్లోనే మాయమయ్యారు. అది దర్శకుడి తప్పు కాదు. బొమ్మకు ఒక్క మొహమే ఉంటుంది.

ఇష్టపడ్డ నవల ఉన్నదున్నట్టు తెరమీదికి రావాలని కోరుకోవడం సహజం. కానీ మన సినిమా చరిత్ర ఆ కోరికకు ఎదురు సాక్ష్యమే చెబుతోంది. శరత్ ‘దేవదాస్’ 1917లో అచ్చయింది. 1935లోనే బారువా దాన్ని బెంగాలీలో తీశాడు. 1953లో వేదాంతం రాఘవయ్య తెలుగులో తీసేనాటికి అది అందరికీ తెలిసిన కథే, అరువు కథే. అయినా సముద్రాల పాటలు, సుబ్బరామన్ బాణీలు, ఘంటసాల గొంతు కలిసి ఆ బెంగాలీ జమీందారు బిడ్డ నోట మన తత్వాల ధోరణి పలికించాయి. సినిమా పూర్తికాకుండానే సుబ్బరామన్ కన్నుమూస్తే, మిగిలిన పని విశ్వనాథన్, రామమూర్తి చక్కబెట్టారు. ఇవాళ్టికీ మన ఊళ్లలో ప్రేమ బెడిసికొట్టిన కుర్రాణ్ణి “ఏంట్రా, దేవదాసులా గడ్డం పెంచావు” అంటారు. అనేవాళ్లలో ఎక్కువమంది శరత్‌ను చదివి అనడం లేదు.

1974లో కృష్ణ, విజయనిర్మల మళ్లీ ‘దేవదాసు’ తీశారు. ఈసారి రంగుల్లో. అదే సమయంలో పాత నలుపు తెలుపు ‘దేవదాసు’ను తిరిగి విడుదల చేస్తే జనం దానికే పోటెత్తారు. అక్కడ జరిగిన పోలిక కొత్త సినిమాకూ శరత్ పుస్తకానికీ కాదు, కొత్త సినిమాకూ పాత సినిమాకూ. ఇరవయ్యేళ్లలో అనుకరణే అసలైపోయింది.

ఇక ‘మా భూమి’. ఈ సినిమా గురించి ఇక్కడ ఎన్నిసార్లు రాసినా తనివి తీరదు. మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. దర్శకుడు గౌతమ్ ఘోష్, బెంగాలీ మనిషి, ఆయనకు అదే తొలి కథాచిత్రం. నిర్మాతలు బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్. తెలంగాణ సాయుధ పోరాటం మీద తెలుగులో నిలిచిపోయిన సినిమాకు కథ ఇచ్చింది తెలుగువాడు కాదు, తీసిందీ తెలుగువాడు కాదు. అంతకు కాస్త ముందు, 1977లో, మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ ‘కఫన్’ను ‘ఒక ఊరి కథ’గా మన పల్లెకు తెచ్చినప్పుడూ ఇదే జరిగింది. సొంతం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఈ రెండు సినిమాల కన్నా మంచి పాఠం దొరకదు.

కిషన్ చందర్ నవల జైల్లో మొదలవుతుంది. తెల్లవారితే ఉరి. రాఘవరావు అనే యువకుడు ఆ రాత్రంతా తన బతుకును తలుచుకుంటాడు. చదవడానికి గొప్ప ఎత్తుగడ అది. గడిచిన ప్రతి సంఘటన మీదా తెల్లవారబోయే ఉదయపు నీడ పడుతుంది. సినిమాలో ఆ చట్రమే లేదు. రాఘవరావు కూడా లేడు, సాయిచంద్ వేసిన రామయ్య ఉన్నాడు. ఆ రోజుల తెలంగాణ పల్లెలో ‘రావు’ దొరగారి పేరు చివర ఉండేది, దొర గడి ముందు చేతులు కట్టుకు నిలబడే కుటుంబంలో కాదు. దూరాన కూర్చుని రాసిన రచయితకు అది పట్టింపు కాకపోవచ్చు, ఊళ్లో కెమెరా పెట్టినవాళ్లకు మాత్రం పట్టింపే. పేరు మార్చడంతో మొదలైంది, మాట మారింది, తిండి మారింది, పాట వచ్చి చేరింది. పాత్రలు పాఠ్యపుస్తకాల తెలుగులో కాకుండా ఆ నేల మీది తెలుగులోనే మాట్లాడాయి. ఆ కాలంలో తెరమీద ఆ యాస వినపడితే నవ్వించడానికే అన్న లెక్క ఉండేది. ‘మా భూమి’లో ఆ యాసలో ఏడ్చారు, ఎదిరించారు.

పాట సంగతి మరీ ముఖ్యం. భుజాన గొంగడి, చేతిలో కర్రతో గద్దర్ వచ్చి బండి యాదగిరి పాట ఎత్తుకునే ఘట్టం చూడండి. ఆ పాట ఉర్దూ పుటల్లోంచి రాలేదు, నిజాం మీద తిరగబడ్డ ఊళ్లలోంచి వచ్చింది. కిషన్ చందర్ ఏ జనం గురించి రాశాడో, ఆ జనం పాడుకున్న పాటే సినిమాలోకి నడిచి వచ్చింది. పుస్తకంలో లేనిది చేర్చడం వల్లే సినిమా పుస్తకం కోరుకున్న చోటికి ఇంకాస్త దగ్గరగా వెళ్లింది. ‘ఉన్నదున్నట్టు’ అనే కొలబద్ద ఇక్కడ ఎందుకూ కొరగాదు. ఆ జైలు రాత్రిని వదలకుండా తీసి ఉంటే అదీ మంచి సినిమాయే అయ్యుండేదేమో, కానీ ఒక వీరుడి కథ అయ్యుండేది. 1980లో విడుదలైన ‘మా భూమి’ ఒక ఊరి కథ.

అలాగని చేర్చిన ప్రతిదీ చెల్లదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ 2019 తానా పోటీలో బహుమతి పొందిన నవల. కరువుకు గొర్రెలను తోలుకుని నల్లమల ఎక్కిన కాపరుల బతుకు. మేత, నీళ్లు, వాన, పెద్దపులి, వీటితోనే పుస్తకమంతా బిగిసి ఉంటుంది. 2021లో క్రిష్ తీసిన సినిమాలోకి నవలలో లేని ఓబులమ్మ వచ్చింది, ఆమెతో ప్రేమా వచ్చింది. ఓబులమ్మ పుస్తకంలో లేదన్నది ఈ కాలమిస్టుకు అభ్యంతరం కాదు. మందతోపాటు రాత్రుళ్లు మేలుకుని అడవిని చెవులతో చూడటం నేర్చుకునే కుర్రాడి కథలో ఆమె కోసం కేటాయించిన ప్రతి నిమిషం అడవి నుంచి కోసిందే. గొర్రెలు తెరనిండా ఉన్నంతసేపూ ఆ సినిమా ఎక్కడికో వెళుతుంది. పాటలోకి జారినప్పుడల్లా మామూలు సినిమా అయి కూర్చుంటుంది. మరి వంశీ మాటేమిటి? తన ‘మహల్లో కోకిల’ను తానే 1984లో ‘సితార’గా తీస్తూ పేరుతో సహా మార్చుకున్నాడు. రాసినవాడికే లేని పట్టుదల చదివినవాళ్లకు ఎందుకు?

‘చివరకు మిగిలేది’ గురించి ఒక్క మాట. 1960లో సావిత్రి నటించిన సినిమా ఈ పేరుతో ఉంది కానీ, బుచ్చిబాబు నవలతో దానికి సంబంధం లేదు. అది బెంగాలీ ‘దీప్ జ్వేలే జాయ్’కి తెలుగు రూపం. నవలలోని దయానిధి ఇప్పటికీ వెండితెర ఎక్కలేదు. మనసులోని ఆలోచనలే కథ అయిన పుస్తకాన్ని తీయలేమని అంటారు. ఉన్నదున్నట్టు తీయాలనుకుంటే నిజమే, తీయలేరు. అతని జీవితంలోని ఆడవాళ్లు కోమలి, అమృతం, ఇందిర ముగ్గురూ సినిమాలో ఉండితీరాలని ఎవరూ పట్టుపట్టకూడదు. ఎవరైనా ధైర్యం చేసి సగానికి సగం తీసేసి, ఎవరూ ఎరగని రాయలసీమ ఊరికి వైద్యుడిగా వచ్చిన కొత్త మనిషితో, అతనికి వజ్రం దొరికిన రోజుతో మొదలుపెట్టవచ్చు. కష్టమంతా తల్లి దగ్గర. ఆవిడ బతికి లేదు. ఆవిడ మీద వేసిన నింద మాత్రం కొడుకు ఏ ఊరు వెళితే ఆ ఊరికి వస్తుంది. బుచ్చిబాబు దాన్ని పేజీలకు పేజీలు దయానిధి ఆలోచనల్లో రాసుకుపోయాడు. దర్శకుడికి ఆ సౌకర్యం లేదు. నలుగురు మాట్లాడుకుంటూ ఉండగా అతను గదిలోకి వస్తే మాట ఎక్కడ ఆగిందో, ఎవరి కళ్లు ఎటు తిరిగాయో, అంతటితోనే ఆ తల్లి కథ మొత్తం చూపించాలి.