త్యాగరాజ ఆరాధన: బృందగానంలో స్త్రీ గళం

తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనను కేవలం భక్తి ఉత్సవంగా పరిశీలించడం అసమగ్రం. ఎవరు పాడాలి, ఎవరు పాడకూడదు అన్న నిర్వహణ నిర్ణయాలే దాని చరిత్రను నడిపించాయి. దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ సొంత సొమ్ము వెచ్చించి సమాధి మందిరం కట్టించినా, పురుషుల రెండు పక్షాలూ స్త్రీలకు పాడే అవకాశం ఇవ్వలేదు. ఆమె 1927లో స్త్రీలతో వేరుగా ఆరాధన ఏర్పాటు చేసింది. 1910లో ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను పరిష్కరించి ప్రచురించిన విదుషి ఈ పని చేయడంలో ఆశ్చర్యం లేదు. తర్వాత పక్షాలు ఏకమయ్యాయి. 1941లో పంచరత్న కీర్తనల బృందగానం మొదలైంది. బృందగానంలో ముందువెనుకల తగవు ఉండదు. స్త్రీలకు ప్రవేశం దక్కింది. అయితే విడిగా వినిపించిన వారి గళం సమూహంలో కలిసిపోయింది. అందువల్ల 1927 నాటి ఏర్పాటును ఐక్యతకు ముందరి చీలికగా మాత్రమే లెక్కించడం సరికాదు. ఆ ఉత్సవ ప్రణాళిక స్త్రీల చేతిలో ఉన్న దశ అది.