‘నాన్నా పులి’ కథ చాలదు: మంచు తుఫాను అంచనాలు, ప్రజల స్పందన

ప్రస్తావన

వాతావరణ హెచ్చరికను ప్రజలు పెడచెవిన పెట్టారన్న వార్త వచ్చినప్పుడల్లా దాని వెంట ఒక సిద్ధ వివరణ వస్తుంది. గతంలో చెప్పినవి జరగలేదు గనుక ఈసారి చెప్పినదాన్ని ఎవరూ నమ్మలేదన్నది ఆ వివరణ. తెలుగువారికి ఇది ‘నాన్నా పులి’ కథగా చిన్నతనం నుంచీ పరిచితం. ఆంగ్లంలో పులి స్థానంలో తోడేలు ఉంటుంది. తప్పుడు హెచ్చరికల మనస్తత్వంపై 1984లో వెలువరించిన గ్రంథానికి ష్లోమో బ్రెజ్నిట్జ్ ఆ తోడేలు కేకనే శీర్షికగా ఎంచుకున్నారు. ఒకప్పుడు పరీక్షించవలసిన పరికల్పనగా ఉన్న ఈ భావన క్రమంగా పరీక్ష అక్కరలేని లోకజ్ఞానంగా స్థిరపడింది. అమెరికాలో 2014, 2022 సంవత్సరాల మధ్య వచ్చిన నాలుగు మంచు తుఫానులను పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ కథ వాటిలో ఏ ఒక్కదానికీ సరిగా అతకదని తెలుస్తుంది. పైగా వాటిలో ఒకదానిలో ఈ కథమీది నమ్మకమే నష్టానికి దారితీసింది.

పక్క ఊరిమీద పడిన పులి

2015 జనవరి 26, 27 తేదీల తుఫాను ఈ చర్చలో తరచుగా ఉదాహరణ అవుతుంది. అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థ న్యూయార్క్ నగరంలో 20 నుంచి 30 అంగుళాల మంచు పడవచ్చని అంచనా వేసింది. నగర చరిత్రలోనే అతి పెద్ద మంచు తుఫాను కావచ్చని మేయర్ బిల్ డి బ్లాసియో హెచ్చరించారు. గవర్నర్ ఆండ్రూ క్యూమో ఆదేశంతో భూగర్భ రైళ్లు ఆగిపోయాయి. 1904లో మొదలైన ఆ వ్యవస్థను మంచు కారణంగా మొత్తం మూసివేయడం అదే మొదటిసారి. తీరా సెంట్రల్ పార్కులో నమోదైన మంచు 9.8 అంగుళాలు. ఫిలడెల్ఫియా, న్యూజెర్సీ ప్రాంతాల అంచనాలకు బాధ్యత వహించిన అధికారి గ్యారీ జాట్కోవ్‌స్కీ ఆ రాత్రే సామాజిక మాధ్యమంలో బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

అదే తుఫాను లాంగ్ ఐలండ్‌లోని ఐస్లిప్‌లో దాదాపు 25 అంగుళాల మంచు కురిపించింది. మసాచుసెట్స్‌లోని ఉస్టర్‌లో 34.5 అంగుళాలు పడింది. తుఫాను దారి అనుకున్నదానికన్నా కొంచెం తూర్పుకు జరగడమే ఇందుకు కారణం. అంటే పులి రాకపోలేదు, పక్క ఊరిమీద పడింది. కథలోని పిల్లవాడు పులి లేదని తెలిసే ఆటకోసం కేక వేశాడు. పొలాల్లోంచి పరుగెత్తుకొచ్చినవారికి అతడు అబద్ధం చెప్పాడన్న సంగతి కళ్లెదుట కనిపించింది. వాతావరణ నిపుణుడు తెలియని భవిష్యత్తును గురించి తెలిసినంత మేరకు చెబుతాడు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడంలోనే ఉపమానం దెబ్బతింటోంది.

మంచు అంచనా వాన అంచనాకన్నా కష్టమైనదని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. అంగుళం వానకు సమానమైన నీరు మంచుగా కురిస్తే స్థూలంగా పది అంగుళాలవుతుంది. గాలిపొరల్లో ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు మారితే అదే నీరు మంచుగా కాక గడ్డకట్టిన చినుకులుగానో వానగానో పడుతుంది. వానలో ఎవరి కంటికీ ఆనని పొరపాటు మంచులో మోకాలిలోతు తేడాగా కనిపిస్తుంది. తుఫాను అంచున ఉన్న నగరానికి ఈ చిక్కు మరీ ఎక్కువ. 2015లో న్యూయార్క్ సరిగ్గా ఆ అంచునే ఉంది. ఐరోపా కంప్యూటర్ నమూనా నగరానికి భారీ మంచును చూపగా, అమెరికా నమూనా అంతకన్నా చాలా తక్కువ చూపింది. ఈ భేదం నిపుణులకు తెలుసు. ప్రజలకు చేరింది మాత్రం ‘20 నుంచి 30’ అన్న అంకె, ‘చారిత్రకం’ అన్న విశేషణం. మరునాడు సంస్థ సంచాలకులు లూయిస్ ఉచ్చెలీనీ అనిశ్చితిని ఇంకా బాగా తెలియజేసి ఉండవలసిందని అంగీకరించారు. అంచనా తప్పినందుకన్నా చెప్పిన తీరు గురించి ఆయన ఎక్కువగా మాట్లాడటం గమనించదగినది.

అంకెను మార్చకూడదన్న నిర్ణయం

ఆ అంగీకారం ఎంతవరకు ఆచరణలోకి వచ్చిందో 2017 మార్చి 14 నాటి తుఫాను చూపింది. న్యూయార్క్ నగరానికి అడుగు మొదలు రెండు అడుగుల దాకా మంచు పడుతుందన్న హెచ్చరిక అప్పటికే అమల్లో ఉంది. ముందురోజు మధ్యాహ్నానికి కొత్త నమూనాలు తీరప్రాంతంలో మంచు తగ్గి, గడ్డకట్టిన చినుకులు కలుస్తాయని సూచించసాగాయి. నిపుణులు ఫోనులో సమావేశమై చర్చించుకుని, అంచనాను మార్చకుండా ఉంచాలని నిర్ణయించారు. చివరి గంటల్లో అంకె తగ్గిస్తే ప్రజలు ముప్పు తప్పిందనుకుంటారన్న భయం ఇందుకు కారణమని తర్వాత వారే పత్రికలకు వివరించారు. సెంట్రల్ పార్కులో పడినది 7.6 అంగుళాలు.

ఈ నిర్ణయంలో దురుద్దేశం లేదు. గడ్డకట్టిన చినుకులు పడిన రోడ్డు మంచు పడిన రోడ్డుకన్నా తక్కువ ప్రమాదకరమేమీ కాదు. రాష్ట్రంలోని లోపలి ప్రాంతాల్లో అంచనా వేసినంత మంచు పడింది కూడా. అయినా నిపుణులు తమకు తెలిసినదాన్ని ప్రజలకు చెప్పకుండా ఆపారన్న వాస్తవం మిగిలే ఉంటుంది. మార్పును ప్రజలు తట్టుకోలేరని, అంకె మారితే నమ్మకం పోతుందని వారు భావించారు. ‘నాన్నా పులి’ కథ బోధించే ప్రజాస్వభావం కూడా ఇదే. ప్రజల అవిశ్వాసానికి భయపడి అవిశ్వాసానికి నిజమైన కారణాన్ని తామే కల్పించడం ఇందులోని వైచిత్రి. 2015లో జరిగినది అంచనాలోని పొరపాటు. 2017లో జరిగినది తెలిసి చేసిన మౌనం. విమర్శలో ఈ రెండింటినీ వేరుచేసి చూడడం అవసరం.

ప్రయోగాలు చెప్పినది

ఈ భయానికి ఆధారముందా అన్న ప్రశ్నకు వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన సూసన్ జాస్లిన్, జారెడ్ లెక్లెర్క్‌ల ప్రయోగాలు సూటిగా సమాధానమిస్తాయి. 2012లో ప్రచురితమైన వారి అధ్యయనంలో పాల్గొన్నవారికి అప్పగించిన పని అచ్చంగా శీతకాలానికి సంబంధించినది. రాత్రి రోడ్లపై నీరు గడ్డకట్టకుండా ముందుగా ఉప్పు చల్లించాలా వద్దా అని వారు నిర్ణయించాలి. చల్లిస్తే ఖర్చు, చల్లించక గడ్డకడితే అంతకు మించిన జరిమానా. కనిష్ఠ ఉష్ణోగ్రతను ఒక్క అంకెగా మాత్రమే పొందినవారికన్నా, గడ్డకట్టే అవకాశం ఎంత శాతమో కూడా తెలిసినవారు మెరుగైన నిర్ణయాలు తీసుకున్నారు. అంచనాల్లో తప్పులు పెరిగినప్పుడు వారి నమ్మకం అంతగా సడలలేదు. 2015లో వచ్చిన మరో అధ్యయనంలో తప్పుడు హెచ్చరికల ప్రభావం ఉన్నదేగాని స్వల్పమని తేలింది. హెచ్చరికల సంఖ్యను కొద్దిగా తగ్గించడంవల్ల ఒనగూరే మేలుకన్నా, అనిశ్చితిని అంకెల్లో చెప్పడంవల్ల కలిగే మేలు ఎక్కువగా కనిపించింది.

రెబెకా మోర్స్, జూలీ డెముత్, జెఫ్రీ లాజో 2008లో ప్రచురించిన సర్వే దీన్ని మరోవైపునుంచి బలపరుస్తుంది. ఒకే అంకెగా చెప్పిన ఉష్ణోగ్రతను కూడా అధికసంఖ్యాకులు అటూ ఇటూ కొంత ఉంటుందనే అర్థం చేసుకున్నారు. అంటే చెప్పని అనిశ్చితిని ప్రజలు తామే ఊహించి కలుపుకుంటున్నారు. ఎంత కలుపుకోవాలన్నది వారికి తెలియదు, అంతే.

ఇంతమాత్రాన శాతం చెబితే చాలుననుకోవడం తొందరపాటు. ‘రేపు వాన పడే అవకాశం 30 శాతం’ అన్న వాక్యం గురించి గెర్డ్ గిగరెంజర్ బృందం ఐదు నగరాల్లో అడిగి 2005లో ఫలితాలు ప్రకటించింది. అధికసంఖ్యాకులు సరైన అర్థం చెప్పినది న్యూయార్కులో మాత్రమే. ఆమ్‌స్టర్‌డామ్, ఏథెన్స్, బెర్లిన్, మిలన్ నగరాల్లో చాలామంది రోజులో 30 శాతం సేపు వాన పడుతుందనో, ప్రాంతంలో 30 శాతం మేర పడుతుందనో అనుకున్నారు. శాతం దేనిలో శాతమో చెప్పకపోతే అంకె కూడా అస్పష్టమైన పదమే అవుతుంది.

పదాల చిక్కు, తెలుగు కోణం

అంకెలకన్నా ముందు ప్రజలకు ఎదురయ్యేవి పదాలు. అమెరికా వ్యవస్థలో ‘వాచ్’ అంటే తీవ్ర పరిస్థితులకు అవకాశముంది, సిద్ధంగా ఉండమని; ‘వార్నింగ్’ అంటే అవి దాదాపు ఖాయమని; ‘అడ్వయిజరీ’ అంటే ఇబ్బందే తప్ప విపత్తు కాదని అర్థం. ఆంగ్లమే మాతృభాష అయినవారు కూడా ‘వాచ్’నూ ‘అడ్వయిజరీ’నీ తారుమారు చేస్తున్నట్లు గమనించి, ఆ సంస్థ తన పదజాలాన్ని సరళీకరించే పని చేపట్టింది. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న పిల్లల గురించి ఇక్కడ తెలుగు పత్రిక చదివే తల్లిదండ్రులకు ఈ మూడూ తరచు ‘హెచ్చరిక’ అన్న ఒక్క మాటగానే చేరతాయి. మరోవైపు, వాయుపీడనం వేగంగా పడిపోవడాన్ని సూచించే సాంకేతిక పదం ‘బాంబ్ సైక్లోన్’ 2022 డిసెంబరులో యథాతథంగా తెలుగు శీర్షికల్లోకి వచ్చింది. ఉండవలసిన భేదాలు అనువాదంలో పోయి, లేని బీభత్సం వచ్చి చేరింది.

తెలుగు తీరంలోనూ ఇటువంటిదే ఒక పాత అపార్థముంది. ఓడరేవుల్లో ఎగురవేసే ప్రమాద సూచికలు ఓడలకోసం ఏర్పడినవి. ఐదు, ఆరు, ఏడు నంబర్లు తీవ్రతలో హెచ్చుతగ్గులను చెప్పవు. తుఫాను రేవుకు ఏ పక్కగా తీరం దాటుతుందో, లేక రేవుమీదుగానే దాటుతుందో చెబుతాయి. ఎనిమిది, తొమ్మిది, పది నంబర్లూ అంతే, మరింత తీవ్రమైన తుఫానుకు. పదకొండో నంబరు తుఫాను కేంద్రంతో సమాచార సంబంధాలు తెగిపోయాయనడానికి గుర్తు. పత్రికలో ‘ఏడో నంబరు’ అని చదివిన పాఠకుడు అది ఐదుకన్నా రెండు మెట్లు పైదని అనుకోవడం సహజం. ఆ అపార్థానికి పాఠకుణ్ని నిందించలేం.

సెలవు ఎవరి చేతిలో ఉంది?

ఇప్పటివరకు చర్చించినదంతా అర్థం చేసుకోవడానికి సంబంధించినది. 2014 జనవరి 28న అట్లాంటాలో పడిన మంచు మూడు అంగుళాలకు లోపే. తెల్లవారుజామున 3:38కే జాతీయ సంస్థ హెచ్చరిక వెలువరించింది. అయినా బడులు, కార్యాలయాలు యథావిధిగా తెరుచుకున్నాయి. మంచు మొదలయ్యాక మధ్యాహ్నం అందరినీ ఒకేసారి ఇళ్లకు పంపడంతో రహదారులు స్తంభించాయి. ఎందరో కార్లలో, పిల్లలు బడుల్లో రాత్రి గడిపారు. ఇది ఊహించని తుఫాను అని గవర్నర్ నేథన్ డీల్ మొదట అన్నారు. జార్జియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మార్షల్ షెపర్డ్ తదితరులు హెచ్చరికల వేళలను చూపి ఆ మాటను ఖండించారు. గవర్నర్ ఆ తర్వాత క్షమాపణ చెప్పారు. ఆ ఉదయం తల్లిదండ్రులు హెచ్చరికను నమ్మారా లేదా అన్న ప్రశ్నకు ఇక్కడ ప్రాధాన్యం లేదు. బడి తెరిచి ఉంటే పిల్లవాడు బడికి వెళ్తాడు.

హెచ్చరికకు, చర్యకు మధ్య పరిస్థితుల అడ్డంకులు ఉంటాయని మైఖేల్ లిండెల్, రోనాల్డ్ పెర్రీ తమ నమూనాలో స్పష్టంగానే చేర్చారు. అయినా సర్వేలు ఎక్కువగా ‘నమ్మారా?’ అనే అడుగుతాయి, ‘ఆగగలిగారా?’ అని అడిగేవి తక్కువ. జాస్లిన్ ప్రయోగాల పరిమితీ ఇదే. వాటిలో పాల్గొన్నవారు ప్రధానంగా విశ్వవిద్యాలయ విద్యార్థులు, నిర్ణయాధికారం పూర్తిగా వారిదే. దినవేతనం పోతుందన్న భయం ప్రయోగశాలలో ఉండదు.

2022 డిసెంబరు 23న మొదలైన బఫెలో తుఫానులో అంచనా తప్పలేదు. తరానికి ఒకసారి వచ్చేటంతటి తుఫాను అని రోజుల ముందే చెప్పారు. చెప్పినట్లే వచ్చింది. విమానాశ్రయంలో నాలుగు అడుగులకు పైగా మంచు పేరుకుంది. ఒక్క ఎరీ కౌంటీలోనే 40 మందికి పైగా చనిపోయారు. బఫెలో నగర మృతుల్లో నల్లజాతీయుల నిష్పత్తి జనాభాలో వారి నిష్పత్తిని మించిపోయింది. కొందరు కార్లలో, కొందరు వీధుల్లో, కొందరు విద్యుత్తు లేని ఇళ్లలో చలికి మరణించారు. వాహనాల రాకపోకలపై నిషేధం 23వ తేదీ శుక్రవారం ఉదయం 9:30కి అమల్లోకి వచ్చింది. రాత్రి షిఫ్టు ముగించినవారు ఇళ్లకు చేరాలన్న ఉద్దేశంతో వేచి చూశామని అధికారులు చెప్పారు. ఉదయం షిఫ్టువారు అప్పటికే పనిలోకి వెళ్లిపోయారు.