తడి తగలని సువాసన

గల్ఫ్ నుంచి మనిషి దిగాడంటే కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపట్ల పల్లెల్లో ఆ సంగతి ముందుగా చెప్పేది వాసనే. బ్యాగు జిప్పు తీయగానే సెంటు సీసాలు, సబ్బులు, పౌడరు డబ్బాలు, జుట్టుకు రాసే క్రీములు. చుట్టాలకు తలా ఒకటి. 1970ల తర్వాత ఊపందుకున్న ఈ వలస ఇక్కడ ఇళ్లు కట్టించింది, ఆడపిల్లల పెళ్లిళ్లు చేయించింది, పనిలో పనిగా స్నానాల గదినీ మార్చేసింది. బీర్పూర్ లాంటి అడవి అంచు మండలంలో కూడా ఇప్పుడు కిరాణా కొట్టు ముందు షాంపూ ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతుంటాయి. వాటిని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. కొడుకు ఎడారిలో చెమటోడ్చి తెచ్చిన సెంటును తల్లి పూసుకోకుండా ఎట్లా ఉంటుంది?

కానీ ఆ సీసా వెనక సన్న అక్షరాలను ఒకసారి ఓపిగ్గా చదవాలి. షాంపూ గానీ లోషన్ గానీ, జాబితాలో మొట్టమొదట కనిపించేది నీళ్లు. కొన్న సరుకులో సగానికి పైగా అవే. మిగతా కథంతా ఆ నీళ్ల వల్లే మొదలవుతుంది. నీళ్లున్న చోట బూజు, క్రిములు చేరతాయి. ఏడాదో రెండేళ్లో అంగట్లో నిలవాలంటే వాటిని చంపే మందు కలపాలి. పారాబెన్లు, ఫార్మాల్డిహైడ్‌ను కొద్దికొద్దిగా వదిలే పదార్థాలు సీసాలోకి వచ్చింది అందుకే. తర్వాత నురుగుకు సల్ఫేట్లు, చిక్కదనానికి ఇంకొకటి, రంగుకు మరొకటి. వీటన్నిటి అసలు వాసన ఏమంత బాగుండదు కాబట్టి దాన్ని కప్పేందుకు చివరన సువాసన. చాలా సీసాల మీద అది ‘ఫ్రాగ్రెన్స్’ అనే ఒక్క మాటే, దాని వెనక పదుల కొద్దీ రసాయనాలు ఉండవచ్చు. అలర్జీ తెచ్చే 26 సువాసన పదార్థాలను పేరుపేరునా ముద్రించాలని యూరప్ 2005 నుంచి కంపెనీలను కట్టడి చేసింది. 2023లో ఆ జాబితాను 80 దాటించింది.

మన పాత పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. సరుకును ఎండగానే ఉంచు, నీళ్లు వాడే ఘడియలోనే కలుపు. నలుగు పిండి పొడి. కుంకుడు ఎండు కాయ. గంధం చెక్క. వట్టివేరు వేరుకట్ట. నూనెలో నీటి చుక్క ఉండదు. తడి తగలనంత కాలం వీటికి ఏ మందూ అక్కర్లేదు. అమ్మమ్మల కాలం నాటి శుభ్రతను మెచ్చుకునే వాళ్లు వేపను, పసుపును పొగుడుతారు గానీ, ఈ చిన్న కిటుకును మాత్రం ఎవరూ పట్టించుకోరు. నా మటుకు నాకు ఆ సంప్రదాయంలో అసలు తెలివి ఇదే అనిపిస్తుంది.

నలుగు పిండినే తీసుకోండి. కిలో పెసర్లకు అర కిలో శెనగపప్పు, గుప్పెడు బియ్యం. వీటికి కచ్చూరాలు, తుంగ గడ్డలు, ఎండు గులాబీ రేకులు తలా యాభై గ్రాములు, వట్టివేరు అందులో సగం, పసుపు కొద్దిగా. పప్పులను ఎండలో పెట్టొచ్చు, అవి ఎంత ఎండితే అంత మంచిది. వాసన సరుకులను మాత్రం నీడలోనే ఆరబెట్టాలి. ఆవిరైపోయే నూనెలే వాటి సువాసన. మే నెల ఎండలో డాబా మీద పరిస్తే సాయంత్రానికి మిగిలేది గడ్డీ గాదమే. వట్టివేరును కత్తెరతో చిన్న ముక్కలు చేయకుండా వేస్తే గిర్నీలో పీచులా చుట్టుకుంటుంది. ఇక గిర్నీ దగ్గర ఒక జాగ్రత్త ఉంది. మిరపకాయలు పట్టిన వెంటనే మన పిండి పోయించుకోకూడదు. ముందు ఎవరివైనా బియ్యమో గోధుమలో పట్టాక మన వంతు రావాలి. ఇది మరిచిపోయిన వాళ్లు ఒంటికి రాసుకున్నాక జన్మలో మళ్లీ మరిచిపోరు.

పట్టిన పిండి వేడిగా ఉంటుంది. వెడల్పు పళ్లెంలో చల్లారనిచ్చి, జల్లించి, తడిలేని గాజు సీసాలోనో స్టీలు డబ్బాలోనో పోయాలి. డబ్బాను స్నానాల గదిలో పెడితే చేసిన పనంతా దండగ. తడి చేయి ఒక్కసారి పెడితే చాలు, పురుగో బూజో పడుతుంది. రెండు చెంచాలు గిన్నెలోకి తీసుకుని అప్పుడు నీళ్లు చిలకరించాలి. పొడిగా ఉన్నప్పుడు పప్పు వాసనే కొట్టిన పిండి, తడవగానే గుప్పుమంటుంది. పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు ముందు నూనె రాసి తర్వాత పిండి రుద్దడంలోనూ లెక్క ఉంది. పిండి ఒంటి మీది మురికినీ మిగిలిన నూనెనూ పీల్చుకుని రాలిపోతుంది. కొంత జిడ్డు చర్మానికి మిగులుతుంది. సబ్బు ఆ కొంచెం కూడా మిగల్చదు.

తుంగ గడ్డల గురించి ఇంకొంచెం చెప్పాలి. ఈ ప్రాంతపు రైతును తుంగ గురించి అడిగితే నాలుగు తిట్లు వినిపిస్తాయి. పొలంలో పీకిన కొద్దీ మొలిచే కలుపు అది. దాని మీద ఏటా కలుపు మందుకు పెట్టే ఖర్చు తక్కువేం కాదు. అదే గడ్డను ఉత్తరాది అత్తరు వ్యాపారులు నాగరమోత అంటారు. దాని నూనె వానకు తడిసిన మట్టినీ చెక్కనూ కలిపినట్టుండే వాసన వేస్తుంది, ఖరీదైన అత్తర్లలోకి పోతుంది. మన వైద్యంలో తుంగముస్తలూ ఇవే. మందు కొట్టని గట్టు మీద నుంచి తవ్వి, మట్టి పోయేలా కడిగి, వెంట్రుకల్లాంటి వేర్లను గోనెసంచి మీద రుద్ది తీసేసి, ఆరబెట్టి దంచుకుంటే చాలు. మందు కొట్టిన మడిలోది మాత్రం ముట్టుకోవద్దు.

కుంకుడు సంగతికొస్తే, ‘నురుగు రాకపోతే తానం చేసినట్టే ఉండది’ అనే మాటకు జవాబు అందులోనే ఉంది. కాయ తొక్కలో సాపోనిన్లు ఉంటాయి, అవే నురుగు, అవే జిడ్డును విడదీసేవి. కాయను రాయితో కొట్టి గింజ తీసేయాలి. తొక్కలను రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, బట్టలో వడగట్టాలి. నాలుగు మందారాకులు కూడా నలిపితే జిగురు వచ్చి జుట్టు చిక్కు పడదు. అవుసుల వాళ్లు వెండి, బంగారం తోమడానికి ఈ రసాన్నే వాడతారు. సున్నితమైన నగను గీరకుండా మెరిపించే సరుకు తలకు కఠినంగా ఉంటుందని అనుకోలేం. సబ్బు క్షారం, కుంకుడు రసం కొంచెం ఆమ్ల గుణం కలది, మన చర్మమూ అంతే. కంట్లో పడితే మాత్రం నరకం. చిన్నపిల్లలు తలంటు అంటే పరుగెత్తేది అందుకే, వాళ్లను తప్పు పట్టలేం. ఈ రసాన్ని సీసాలో పోసి దాచుకుందామంటే కుదరదు, రెండు రోజులకే పులుస్తుంది. కుంకుడు షాంపూ అని సీసాలో అమ్మేదాంట్లో నిల్వ మందు తప్పకపోవడానికి కారణం అదే.

నూనెకు సువాసన పట్టించడమే ఈ విద్యలో అన్నిటికన్నా నాజూకైన పని. మల్లెను మరిగిస్తే దాని వాసన చచ్చిపోతుంది. తెంపిన తర్వాత కూడా మల్లె రాత్రంతా వాసనను పుట్టిస్తూనే ఉంటుంది. దాన్ని మెల్లగా పట్టుకోవడానికి మన దేశంలో కనిపెట్టిన ఉపాయం నువ్వులు. కడిగి ఆరబెట్టిన నువ్వులను బట్ట మీద పలచగా పరిచి, దాని మీద సాయంత్రం విచ్చబోతున్న మొగ్గల పొర, మళ్లీ నువ్వులు, మళ్లీ పూలు. గింజలోని కొవ్వు రాత్రికి రాత్రి వాసనను పీల్చుకుంటుంది. పొద్దున వాడిన పూలను జల్లెడ పట్టి పారేసి, గింజల తడి ఆరాక సాయంత్రం కొత్త పూలు. అలా అయిదారు విడతలు అయ్యాక గానుగకు పంపుతారు. పూల తడిని ఆరనివ్వకపోతే బూజు పట్టి మొత్తం పాడవుతుంది. ఇక్కడా శత్రువు నీళ్లే. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ చమేలీ నూనెకు పేరు తెచ్చింది ఈ పద్ధతే. నువ్వుల నూనెలో సెసమాల్ అనే పదార్థం ఉండటం వల్ల అది తొందరగా కంపు కొట్టదు కూడా.

నువ్వులకు జగిత్యాల పరాయి ఊరు కాదు. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి దేశానికి వెళ్లిన నువ్వు వంగడాలు చాలా ఉన్నాయి, వాటిలో ఒకదాని పేరు చందన. గింజ రంగును చూసి పెట్టి ఉంటారు గానీ, పేరులో గంధం ఉన్న నువ్వు ఉండి కూడా సువాసన నూనె తీసే గానుగ ఇక్కడ నాకు కనిపించకపోవడం వింతగా తోస్తుంది.

రాజుల సుగంధాల దారి వేరు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల పట్టీ ఉంది. గంధం, దేశీ కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది, కర్పూర తైలం. సగం పట్టీ వాసన సరుకే. అంతకు చాలా ముందే వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయం రాశాడు. పదహారు ద్రవ్యాల్లోంచి నాలుగేసి ఎంచుకుంటే 1820 కూర్పులు వస్తాయని అందులో లెక్క కట్టి చూపించాడు. ఆ వైభోగం కోటలకే గానీ పల్లెకు దక్కిందని నమ్మను. పల్లెకు దక్కినవి వంటింటి పప్పు, గట్టు మీది గడ్డి, పెరట్లో మల్లె. అయినా రెండు చోట్లా వాడే తీరు ఒకటే. సింహాచలంలో అప్పన్నకు పూసే గంధం కూడా చెక్కను సాన మీద నీళ్లతో అరగదీసి తీసిందే. అరగదీసింది అప్పటికప్పుడు పూయాలి, చెక్క మాత్రం ఎన్నేళ్లయినా ఉంటుంది.

నీటినే సువాసనగా మార్చుకునే పని ఒకటుంది, అది పన్నీరు. పెద్ద గిన్నెలో అడుగున ఒక రాయి, రాయి మీద చిన్న గిన్నె, చుట్టూ నాటు గులాబీ రేకులు, అవి మునిగేంత నీళ్లు. మూతను తిరగేసి పెట్టి, గుంటలో ఐసుముక్కలు వేసి సన్న సెగ మీద ఉంచాలి. ఆవిరి మూతకు తగిలి చల్లబడి చిన్న గిన్నెలోకి కారుతుంది. మొదటి గంటలో వచ్చిందే అసలు సరుకు, ఆ తర్వాత వచ్చేది ఉడికిన ఆకు వాసన. పూలదుకాణం గులాబీలు పనికిరావు, వాటికి వాసనా ఉండదు, పైగా పురుగు మందు ఉంటుంది. దీన్ని మరిగించిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు వారాల్లో వాడేయాలి. నీళ్లు కాబట్టి.

ప్రకృతి సహజం అన్నంత మాత్రాన అన్నీ అమాయకమైనవి కావు, ఇది గట్టిగా చెప్పాలి. నలుగులో కొందరు వేసే బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది. అది పూసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్ల మచ్చలు పడతాయి. నిమ్మరసమూ అంతే. గులాబీలో, నిమ్మగడ్డిలో ఉండే జెరానియాల్, సిట్రాల్ లాంటివి యూరప్ అలర్జీ జాబితాలోనూ ఉన్నాయి. మోచేతి మడతలో రాసి ఒక రోజు చూశాకే ముఖానికి వాడాలి. పసిపిల్లలకు సాంబ్రాణి పొగ వేయడం ముచ్చటే గానీ, మూసిన గదిలో ఆ పొగ లేత ఊపిరితిత్తులకు మేలు చేయదు. బట్టలకో, ఖాళీ గదికో పట్టించుకుంటే సరిపోతుంది. పసుపులో సున్నమో వెలిగారమో నిమ్మరసమో కలిపి చేసిన కుంకుమ వేరు, అంగట్లో కళ్లు చెదిరే ఎరుపుతో దొరికే రంగుపొడి వేరు. నుదుట దురద పెడితే అనుమానించాల్సింది ఆ రెండోదాన్ని.

అన్నీ ఒకేసారి మానేయాలని కూర్చుంటే నెల తిరిగేసరికి మళ్లీ ప్యాకెట్ల దగ్గరికే వస్తాం. ముందు పౌడరు డబ్బా వదిలేయొచ్చు. అందులోని టాల్క్ క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఐఏఆర్‌సీ 2024 జూలైలో తేల్చింది, అది లేకపోతే ఆగే పని కూడా ఏదీ లేదు. తర్వాత క్రిములను చంపుతామనే సబ్బులు. మామూలు సబ్బు కంటే అవి మెరుగని కంపెనీలు రుజువు చూపలేకపోయాయంటూ ట్రైక్లోసాన్ సహా 19 మందులను అలాంటి సబ్బుల నుంచి అమెరికా 2016లో నిషేధించింది. సబ్బు మానలేని వాళ్లు టీఎఫ్‌ఎం, అంటే సబ్బులోని మొత్తం కొవ్వు శాతం, చూసి కొనొచ్చు. మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ లెక్కలో మొదటి రకానికి కనీసం 76 శాతం ఉండాలి. ‘బాతింగ్ బార్’ అని రాసి ఉంటే అది చాలా తక్కువకు కూడా దిగి ఉండొచ్చని అర్థం. తలకు వారంలో ఒక రోజు కుంకుడు పెట్టుకున్నా షాంపూ వాడకం ఆ మేరకు తగ్గుతుంది. టూత్‌పేస్టులోని ఫ్లోరైడ్‌ను, డాక్టరు రాసిచ్చిన చర్మపు మందును మాత్రం ఈ ఉత్సాహంలో పారేయకండి. బట్టల పెట్టెకు సెంటు ఎందుకు, ఎండు మరువమో వట్టివేరో గుడ్డలో మూటగట్టి వేస్తే చాలు. సిరిసిల్లలో ఒక నేతన్న చీరకే సువాసన అద్ది వార్తలకెక్కాడు. బాగుంది గానీ, నాలుగు ఉతుకుల తర్వాత సంగతి మూటే చూసుకోవాలి.

ఇక పసుపు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు జనవరి నుంచి మార్చి దాకా ఊరంతా పసుపు ఉడికిన వాసనే. 2025 జనవరిలో మొదలైన జాతీయ పసుపు బోర్డుకు పక్కనే ఉన్న నిజామాబాద్ కేంద్రం. బోర్డు అన్నాక మాటలన్నీ కొమ్ము ధర చుట్టూ, కుర్కుమిన్ శాతం చుట్టూ తిరుగుతాయి, తిరగాలి కూడా. అయితే తవ్వకానికి ముందు కోసి గట్టున పడేసే పసుపు ఆకులో కూడా ఆవిరి పట్టి తీయగలిగిన సుగంధ తైలం ఉంది. వాసన పంటల మీద పనిచేసే సీమ్యాప్ పరిశోధన కేంద్రం హైదరాబాద్ బోడుప్పల్‌లోనే ఉంది. నలుగురు రైతులు కలిసి ఒక చిన్న బట్టీ పెట్టుకుంటే ఎన్ని బండ్ల ఆకుకు ఎంత నూనె వస్తుంది, కట్టెల ఖర్చు పోను ఏం మిగులుతుంది అన్నది వచ్చే కోతలోపే అడిగి తెలుసుకోవచ్చు. ఆకు ఎలాగూ కోయాల్సిందే.