డబ్బాలకు అంచు

శివరాత్రి దాటిందంటే మా వాకిట్లోకి నూనె డబ్బాలు వచ్చి చేరతాయి. ఊళ్లో పెళ్లి జరిగినా, బస్టాండు దగ్గర బజ్జీల బండి నాలుగు రోజులు బాగా నడిచినా, పదిహేను కిలోల ఖాళీ డబ్బా ఒకటి నా లెక్కలో పడుతుంది. పైరేకు కోసేసి, చెయ్యి తెగకుండా అంచును సుత్తితో లోపలికి మడిచి, సబ్బునీళ్లతో జిడ్డు వదిలించి, అడుగున మేకుతో ఏడు చిల్లులు కొట్టి బోర్లిస్తాను. దారిన పోయేవాళ్లు ఆగి, "ఏం సామీ, ఈయేడు గూడా డబ్బాల యాపారమేనా?" అంటారు. యాపారమే. లాభం మాత్రం పూలరూపంలో వస్తుంది, అదీ వస్తే.

మాది ధర్మవరానికి దగ్గర్లో పల్లె. 2022 ఏప్రిల్‌లో అనంతపురాన్ని రెండు జిల్లాలు చేసి మమ్మల్ని శ్రీ సత్యసాయి జిల్లాలో కలిపారు గానీ ఎండకు ఆ ఉత్తర్వు ఇంకా అందినట్టు లేదు. అది పాత జిల్లా ఎండే.

వసంతం అనగానే తోటపని గుర్తుకు రావడం వేరే ఊళ్ల అలవాటు. మాకు వసంతంలో చేలో పనే ఉండదు. చెనక్కాయ జూన్, జూలైల్లో వాన చూసుకుని విత్తి, అక్టోబరు, నవంబరులో పీకేస్తాం. ఉరవకొండ పక్క నల్లరేగడిలో వేసిన పప్పుశనగ కూడా ఫిబ్రవరికల్లా ఇళ్లకు చేరిపోతుంది. ఇక మళ్లీ తొలకరి దాకా నేల ఎర్రగా, గుండ్లు పైకి తేలి, ఎటు చూసినా కాళ్లు చాపుకుని పడుకున్నట్టుంటుంది. ఆ రోజుల్లో కనపడే పచ్చదనం వేపచిగురుది, కానుగ లేతాకుది. అవి రెండూ మన బిందె కోసం ఎదురుచూడవు. వాటి వేర్ల లెక్కలు వాటికున్నాయి. చేతుల్లో పనిలేక, కళ్లముందు రంగు లేక మనిషికి ఏదో ఒకటి చెయ్యాలనిపించే కాలమిది. నా డబ్బాల పిచ్చి అక్కడ పుట్టిందే.

ఆరేళ్ల కిందట మొదలుపెట్టినప్పుడు రంగు కొనడం తప్ప నాకేమీ తెలీదు. అంగట్లో ముదురు నీలం ఎనామిల్ చవగ్గా దొరికింది. పన్నెండు డబ్బాలకు పూసి, తాడిపత్రి బండలు పరిచిన ముందువాకిట్లో వరసగా నిలబెట్టాను. చూడముచ్చటగా ఉన్నాయి. పెటూనియా విత్తనాల పొట్లం మీద 'వసంతంలో విత్తండి, పూర్తి ఎండలో ఉంచండి' అని అచ్చేసి ఉంటే అట్లే చేశాను. ఆ మాట రాసినాయనది వసంతంలో మంచు కరిగే ఊరై ఉంటుంది. మా ఊళ్లో ఆ కాలానికి కరిగేది రోడ్డు మీది తారు. పెటూనియా మా దగ్గర కార్తీకంలో వేసుకునే చలికాలం పువ్వని తర్వాతెప్పుడో తెలిసింది.

మొలకలు వచ్చాయి, నాలుగాకులు తొడిగాయి, ఉగాది నాటికి వాలిపోయాయి. దాహమేమో అనుకుని నీళ్లు పోశాను. ఇంకా వాలాయి. ఇంకా పోశాను. ఒకటి పీకి చూస్తే వేర్లు ఉడకబెట్టిన మొలకల్లాగా మెత్తబడి, పట్టుకుంటే తోలు ఊడి వస్తున్నాయి. మా అమ్మ వచ్చి డబ్బా మీద అరచెయ్యి ఆనించి, టక్కున తీసేసింది.

"దోసె పెనం మీద చెట్టు పెట్టినావు గదరా నాయనా!"

పైనుంచి ఎండ, పక్కనుంచి నీలం రేకు, కిందనుంచి బండ. ముదురురంగు ఎండను తాగుతుంది, రేకు ఆ వేడిని నేరుగా మట్టికి అందిస్తుంది. నేలలో పెరిగే చెట్టు వేరు వేడికి కిందికి పారిపోగలదు. తొమ్మిదంగుళాల డబ్బాలో ఉన్నది యాడికి పోతుంది?

మా అమ్మ పెళ్లికి ముందు ధర్మవరంలో మగ్గం చప్పుడు మధ్య పెరిగిన మనిషి. బడికి పోయింది మూడేళ్లే గానీ రంగు దగ్గర ఆమెతో వాదించి గెలిచినోళ్లు లేరు. "ఒళ్లంతా తెలుపు కొట్టు, సల్లగుంటాది" అంది. అంతా తెలుపైతే ఆస్పత్రి వరండాలాగా ఉంటుందని నేను గొణిగాను. "అంచు పెట్టుకో. అంచు లేకుంటే అది చీర యాడైతాది?" అంది.

అప్పటి నుంచి మా డబ్బాలు చీరలు కట్టుకున్నాయి. బాడీ తెలుపు. పైన నాలుగు వేళ్ల వెడల్పు అంచు, అడుగున రెండు వేళ్లది. ధర్మవరం పట్టుచీరకు పెద్దంచు, ఆ అంచు ఒంటిరంగుకు ఎదురు తిరిగినట్టుండడమే కదా పేరు తెచ్చింది. వంగపండు, నెమలికంఠం, చిలకాకుపచ్చ, మెంతిపసుపు, ఆనంద నీలం... ఏ అంచు పక్కన ఏ అంచు నిలబడాలో అమ్మ అరుగు మీద కూర్చుని చెబుతుంది, నేను డబ్బాలు జరుపుతాను. "ఆ రెండూ కొట్లాడుకుంటాండాయి, మధ్యలో పచ్చదాన్ని పెట్టు." వీధివైపు తిరిగే ముఖానికి మాత్రం కొంగు. గోపురం అంచు, లేదంటే మామిడిపిందెలు. పావుడబ్బా రంగుతో ఇరవై డబ్బాలకు అంచు వస్తుంది. ఖర్చు కలిసొచ్చిన సంగతి నేనెవరికీ చెప్పను, కళ కోసం చేసినట్టే ఉండనిస్తాను.

ఒకసారి ధైర్యం చేసి చిలక వేశాను. ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. 2020లో పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. మేకతోలును అద్దంలాగా పలచన చేసి, చిల్లులు పొడిచి, వెలుగు అవతలి నుంచి వచ్చేలా రంగులు వేస్తారు. ఇప్పుడు రావణుడి పక్కనే దీపాల గొడుగులు కూడా చేస్తున్నారు. అక్కడ ఒక చిలకను చాలాసేపు చూసి వచ్చి మా డబ్బా మీద దించాను. పక్కింటి పిల్ల చూసి, "కోడి బాగుంది మామా" అంది. ఆ డబ్బాను గోడవైపు తిప్పి పెట్టాను. తోలు మీద వెలుగును లోపలి నుంచి పిలుస్తారు, రేకు మీద ఎండను బయటికి తరుముతాం. రెండూ ఒక్క చేతికి రావు. నాకు వచ్చింది గీతలే, గీతలతోనే ఉన్నాను.

పని సంగతులు రెండు చెప్పి వదిలేస్తాను. రేకుకు ముందు రెడ్ ఆక్సైడ్ ఒక పూత పడాలి, లేకపోతే మా బోరునీళ్ల ఉప్పుకు రెండేళ్లలో తుప్పు. సున్నం రేకు మీద నిలవదు, పెచ్చులు లేస్తుంది. మట్టికుండకైతే దాన్ని మించింది లేదు. పుదీన, కొత్తిమీర వేసే డబ్బాకు లోపల రంగు తగలనివ్వకండి. ఇంటిరంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మనదేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అటకమీద పాత డబ్బాలో మిగిలిన రంగుకు ఆ నిబంధన తెలియదు.

ఇక నీళ్లు. మా ఇంట్లో రంగుల మంత్రిత్వశాఖ, జలవనరుల మంత్రిత్వశాఖ రెండూ అమ్మవే. పడమటి కనుమలు నైరుతి మబ్బును అక్కడే పిండుకుంటాయి. బంగాళాఖాతం మబ్బు ఇంతదూరం వచ్చేసరికి అలిసిపోయి ఉంటుంది. ఉమ్మడి జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. చైత్రంలో బోరు గంటకోసారి దగ్గుతుంది. అందుకని చెట్లకు రోజుకు మూడు బిందెలు అని అమ్మ ఎప్పుడో తీర్పు చెప్పేసింది. బిందెకు పదిహేను లీటర్లు, మూడుకు నలభై ఐదు. డబ్బాకు లీటరున్నర. అంటే ముప్పై డబ్బాలు. మా తోట విస్తీర్ణం ఎకరాల్లో, సెంట్లలో ఉండదు, బిందెల్లో ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఆ మూడింట్లోనే జమ. వాటర్ ప్లాంటు వాళ్లు వదిలేసే నీళ్లు ఊరికే వస్తాయి కదా అని ఒకసారి తెచ్చి పోశాను. శుద్ధిచేసిన నీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుందన్న ఇంగితం నాకప్పుడు లేదు. ఆకుల కొసలు కాలినట్టయ్యాయి.

నలభై ఐదు లీటర్లు సాయంత్రం దాకా నిలవాలంటే మట్టి పని తెలిసుండాలి. మా ఎర్రమట్టి ఒక్కటే నింపితే రెండు తడులకు ఇటుకవుతుంది. సగం ఎర్రమట్టి, పావు చెరువు ఒండ్రు, పావు మాగిన పేడఎరువు, ఆపైన రెండు దోసిళ్లు చెనక్కాయ పొట్టు. ఊళ్లో కాయలు ఒలిచే మిషను దగ్గర పొట్టు గుట్టలుగా ఉంటుంది. మిగిలింది మట్టిమీద రెండు వేళ్ల మందాన కప్పితే తడి దాక్కుంటుంది. చెదలు పడతాయి కాబట్టి వేపపిండి పిడికెడు కలుపుతాను. అందరూ ఇది కొత్త పద్ధతంటారు గానీ, కళ్లం అంచున పొట్టుగుట్ట కింద మేలో కూడా తడి ఉండడం మేకలు కాసే పిల్లలకు తెలుసు.

గులాబీ ఉన్న పెద్ద సిమెంటు తొట్టిలో మాత్రం రంగు వెయ్యని చిన్న మట్టిముంత ఒకటి మెడదాకా పూడ్చి ఉంది. నిండా నీళ్లు పోసి మూకుడు మూస్తే ముంత చెమర్చుకుంటూ వేరుకు అందిస్తుంది, మూడు రోజులకోసారి చూసుకుంటే చాలు. రెండువేల ఏళ్ల కిందట చైనాలో ఫాన్ షెంగ్‌జి అనే ఆయన రాసిన సేద్యం పుస్తకంలో దోసజాతి పాదుల మధ్య ఇట్లాగే కుండ పాతమని ఉంది. మట్టికుండకు బయట రంగు వేస్తే చెమర్చడం ఆగుతుంది. పైన పెట్టే కుండకు అది మంచిదే, పూడ్చే ముంతకు చేటు.

ఎవరెవరున్నారో చెప్పలేదు కదా. ముందువరసలో బిళ్ళగన్నేరు, దాని పక్కన ముళ్ళకిరీటం. రెండిటి పుట్టిల్లూ మడగాస్కర్. బిళ్ళగన్నేరు నుంచే వింక్రిస్టిన్ అనే క్యాన్సరు మందు వచ్చిందని చెబితే అమ్మ నమ్మలేదు, "సమాధుల కాడ పెరిగేదానికి ఆ గొప్పేంటిది?" అంది. ఉదయం పదిగంటలకు విచ్చుకునే నాచుపూలు దక్షిణ అమెరికావి. గేటు మీదికెక్కిన కాగితంపూలు బ్రెజిల్‌వి. బంతి మెక్సికోది. వరసంతా పరదేశులే కదా అని ఎవరైనా నవ్వితే, జిల్లా బతుకంతా ఆనుకున్న చెనక్కాయ మాత్రం ఎక్కడిదంట? అదీ దక్షిణ అమెరికాదే. అచ్చంగా ఈ దక్షిణాదిలో పుట్టింది కనకాంబరం. అందరికంటే తక్కువ డాబు, అందరికంటే ఎక్కువ ఓర్పు దానికే. నీడలో పెట్టినా పూస్తుంది. వంగపండు అంచు డబ్బాలో నారింజరంగు కనకాంబరం పెట్టింది అమ్మ ఎంపికే. ఆ జత చూసి పట్టుచీరల కొట్టులో పనిచేసే కుర్రాడు ఫోటో తీసుకుపోయాడు.

కాగితంపూల దగ్గర నాకు మొదట్లో బుద్ధి చాలలేదు. పూయడం లేదని జాలిపడి రోజూ ఒక చెంబు ఎక్కువ పోసేవాణ్ని. ఆకులు ఏపుగా, ముళ్లు పొడుగ్గా, పువ్వు సున్నా. ఒక వేసవి ఊరెళ్లి పది రోజులు మరిచిపోతే, తిరిగొచ్చేసరికి గేటు ఎర్రబడింది. దానికి కాస్త దాహం తగిలితేనే పూతకు వస్తుంది. మల్లె అయితే ఈ విద్యలో మరీ ఆరితేరింది. చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మ కత్తిరించి ఎండబెట్టాలి. మాఘంలో మళ్లీ తడి చూపిస్తే ఆ మోళ్లలోంచే మొగ్గలు. కదిరి మల్లెకు పేరుంది కదా, ఆ మూరెడు దండ వెనక ఇట్లాంటి ఎండగట్టిన నెలలున్నాయి. 1981లో అమెరికాలోని డెన్వర్ నీటిసరఫరా వాళ్లు తక్కువ నీటి తోటలకు 'జెరిస్కేప్' అని ఒక పేరు పుట్టించారు. బాగుంది. ముదిగుబ్బ సంతలో మల్లెనారు అమ్మే అవ్వ పేరేమీ పెట్టకుండా, "పుష్యంలో నీళ్లు పోస్తే నా దగ్గరికి రావద్దు" అని మాత్రమే చెబుతుంది.

నా మీద ఊళ్లో ఒక విమర్శ ఉంది. తాగునీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊళ్లో ఈయన పూలడబ్బాలకు చీరలు కడతాడా అని. తప్పనను. మొదటి ఏడాది మా అమ్మ కూడా ఆ మాటే అంది. ఆమెకు జవాబు చెప్పలేక మూడు బిందెల గీత ఒప్పుకున్నాను. ట్యాంకరు రాని రోజు మూడు రెండవుతాయి, ఒకసారి ఒకటైంది కూడా. అప్పుడు అన్నిటికీ చెంబెడు చొప్పున పంచడం తప్పు. మల్లెకు, కనకాంబరానికి పోసి, నాచుపూలను వాటి మానానికి వదిలేస్తాం. అవి వాటి దళసరి ఆకుల్లో దాచుకున్నది తింటాయి.

మొన్న ఉగాదికి ఓళిగలు చేశారు. నూనె డబ్బా ఆ పూటతో ఖాళీ. సాయంత్రం నేను చేలోకి పోయి వచ్చేసరికి అది కడిగి, అరుగు మీద నా కుంచెల పక్కన పెట్టి ఉంది. ముప్పై ఒకటోది.

"దీనికి నీళ్లు యాడివి?" అన్నాను.

"నా పోసుకునే నీళ్లల్లో రెండు చెంబులు తగ్గిస్తాలే. ఆ సబ్బునీళ్లు గాదు, ముందే తీసిపెడతా" అంది. కాసేపాగి, "మెంతిపసుపు అంచు వెయ్. గోరింటాకు రంగు గీత ఒకటి, సన్నంగా" అంది.

మేకు కోసం వెతుకుతుంటే చీకటి పడింది.