నాలుగున్నర ఎకరాల జ్ఞాపకం

నడుమెత్తు కూడా లేని రాతి గోడ. దాన్ని ఆనుకుని పొడవాటి రాతి శిలువ. అవతల పసుపు తిరిగిన ఆకులతో ద్రాక్ష వరసలు. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో, వోన్-రొమానే అనే చిన్న ఊరిని ఆనుకుని ఉన్న తోట ఇది. పేరు రొమానే-కాంటి. ఒక అక్టోబరు ఉదయం ఆ గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. లోపలికి అడుగు పెట్టవద్దని బోర్డు వేడుకుంటోంది. కాపలా మాత్రం ఎక్కడా కనిపించలేదు.

మొత్తం 1.81 హెక్టార్లు, అంటే సుమారు నాలుగున్నర ఎకరాలు. ఏడాదికి ఐదారు వేల సీసాల రెడ్ వైను వస్తుంది. లెక్కేస్తే మూడు మొక్కలకు ఒక సీసా. 1945 నాటి సీసా ఒకటి 2018లో న్యూయార్క్ వేలంలో 5,58,000 డాలర్లు పలికింది. ఆ ధర గురించి అందరూ మాట్లాడతారు. నాకు మాత్రం ఆ నేల గురించే చెప్పాలని ఉంది.

ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ ఉండే అనాబెషాహి పందిళ్ల కింద తలెత్తి గుత్తులు చూసినవాణ్ని. ఇక్కడ గుత్తి చూడాలంటే వంగాలి. పినో న్వార్ అనే నల్ల ద్రాక్షను పొట్టిగా, దగ్గరదగ్గరగా పెంచుతారు. పగలు వేడెక్కిన నేల వెచ్చదనం గుత్తికి తగలాలి. తోట తూర్పు వాలు మీద ఉంది కాబట్టి పొద్దున్నే ఎండ పడి మంచు తడి ఆరిపోతుంది, కుళ్లు తగ్గుతుంది. వాలు పైభాగంలో మట్టి మరీ పలచన. కింద మైదానంలో నీరు నిలుస్తుంది, చల్లగాలి దిగి చిగుళ్లను మాడుస్తుంది. ఈ రెంటికీ మధ్యన ఉంది రొమానే-కాంటి. పైన కాస్తంత బంకమట్టి, దాని కింద ఒకనాటి సముద్రం మిగిల్చిన సున్నపురాయి. పగుళ్ల వెంట వేరు లోతుకు దిగుతుంది. వాన నీరు నిలవదు.

ఇదంతా ఎవరో ఒకరోజు కొలిచి కనిపెట్టింది కాదు. 13వ శతాబ్దంలో సాన్ వివాన్ మఠం చేతికి వచ్చిన నేల ఇది. 1760లో కాంటి యువరాజు కొన్నాడు, తర్వాత ఆయన పేరు తోటకు అంటుకుంది. ఏ చెక్కలో ఏ రుచి పండుతుందో తరతరాలుగా చూసి, గట్టు గట్టుకీ పేరు పెట్టి గుర్తుంచుకున్నారు. దీనికి సరిగ్గా పైనున్న చెక్క పేరు లా రొమానే. ఆ వైను వేరు, యజమాని వేరు. ఇలాంటి చెక్కలను అక్కడ 'క్లిమా' అంటారు. వాటిని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. వానలకు జారిన మట్టిని మళ్లీ పైకి మోసుకెళ్లి పోయడం ఆ కొండవాలు రైతుల పాత అలవాటు. ట్రాక్టరు బరువుకు నేల గట్టిపడుతుందని ఈ తోటలో గుర్రంతో దున్నుతారు.

19వ శతాబ్దంలో ఫిలాక్సెరా వచ్చింది. వేళ్ల రసం పీల్చే ఈ పురుగు పేనుబంకకు దగ్గరి చుట్టం. ఐరోపా తోటలు చాలావరకు అమెరికా తీగ వేరు మీద అంటు కట్టుకుని బతికాయి. రొమానే-కాంటి వాళ్లు మాత్రం పాత తీగనే నేలంట్లు తొక్కుతూ, మట్టిలోకి మందు ఎక్కిస్తూ కాపాడుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ మందు దొరకలేదు. 1945లో 600 సీసాలే వచ్చాయి. ఆ పంట తీసి తోటంతా పెరికేశారు. 1947లో అంట్లు నాటారు. మళ్లీ ఆ పేరుతో వైను వచ్చింది 1952 పంటతోనే. మధ్యలో ఆరేళ్లు ఒక్క సీసా లేదు. లేత తీగ కాపును ఆ పేరుతో అమ్మకుండా ఆగారు.

ఆ గోడ దగ్గర నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. మామిడికి అంటు కడుతూ, కత్తి గాటు మీద కొమ్మ కుదిరేదాకా మాట్లాడేవాడు కాదు. తోటలో ఏ మూల కాయ ముందు పండుతుందో, ఏ చెట్టు కింద మట్టి మారుతుందో ఆయనకు తెలుసు. మేమెవరం అడగలేదు. ఆయనతోపాటే అదంతా పోయింది. చెట్లున్నాయి గానీ, వాటి సంగతి చెప్పేవాళ్లు లేరు.

మీ ఊళ్లోనూ కాయకో, ధాన్యానికో పేరుపడ్డ చెక్క ఒకటి ఉండే ఉంటుంది. దాని వాలు, లోతు, నీటి దారి తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే, ఈ వారమే వెళ్లి పక్కన కూర్చోండి. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టుకోండి.